క్షయ తగ్గింది, వినికిడి పోయింది

మెదడు పొరలకు క్షయ సోకిన పిల్లలు 1940ల మధ్య వరకూ దాదాపు ఎవరూ బతికేవారు కాదు. అమెరికాలో సెల్మన్ వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ 1943లో స్ట్రెప్టోమైసిన్‌ను కనుగొన్నాకే వాళ్లకు ఆశ పుట్టింది. ఆ సూది మందుతో పిల్లలు బతికారు, కొందరికి చెవుడు మిగిలింది. రోగం వల్లా రావచ్చు, మందు వల్లా రావచ్చు. కానీ మందులో దోషముందని వైద్యులకు ఆదిలోనే తెలుసు. రోగులకు తల తిరగడం, నడకలో తూలడం మేయో క్లినిక్ వైద్యులు 1945లోనే గమనించారు. ఆ బాధ తప్పించాలని 1946లో డైహైడ్రోస్ట్రెప్టోమైసిన్ తయారుచేశారు. తూలడం తగ్గింది గానీ చెవుడు పెరిగింది. కొందరికైతే మందు ఆపేసిన కొన్నాళ్లకు వినికిడి పోయింది.

లోపలి చెవిలోని రోమకణాలను ఈ మందులు చంపుతాయి. అవి మళ్లీ పుట్టవు. ముందుగా పోయేది కీచుగా ఉండే హెచ్చు స్థాయి శబ్దాలు వినే శక్తి. పిల్లవాడు పిలిస్తే పలుకుతాడు, స, ష, చ లాంటి ధ్వనులు మాత్రం జారిపోతాయి. బడిలో మొద్దు అంటారు. చెవిలో హోరుగా ఉందని పెద్దవాళ్లు చెప్పగలరు, రెండేళ్ల పిల్ల ఎలా చెబుతుంది? ఆ వయసులో వినికిడి పోతే మాట కూడా సరిగా రాదు.

ఈ మందులు పల్లెలకు చేరిన తీరుకు ఒడిశాలోని గంజాం జిల్లా ఒక ఉదాహరణ. ఆ జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే. అక్కడ ఒడియాతో పాటు తెలుగూ వినిపించే బరంపురంలో ఎంకేసీజీ వైద్య కళాశాల 1962లో వచ్చింది. అంతకుముందే, 1956లో మొదలైన మద్రాసు టీబీ పరిశోధన కేంద్రం, రోగిని శానటోరియంలో చేర్చకుండా ఇంటి దగ్గరే చికిత్స చేయవచ్చని 1959 నాటికి నిరూపించింది. పేదలకు అది గొప్ప వరం. బరంపురం దగ్గరి హల్దియాపదర్ లాంటి ఊళ్ల రోగులు నెలల తరబడి ఇల్లూ పనీ వదిలి పోనక్కర్లేకపోయింది. కానీ చికిత్స ఊరి దాకా వచ్చినంత సులువుగా వినికిడి పరీక్ష రాలేదు. సూది వేయడానికి ఒక నర్సు చాలు. వినికిడి కొలవాలంటే చప్పుడు లేని గది, ఆడియోమీటరు, అది నడిపే మనిషి కావాలి. పసివాళ్లకైతే శబ్దానికి మెదడు స్పందనను కొలిచే బెరా పరీక్ష చేయాలి. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు లోపం ఇదే.

1997లో మొదలైన సవరించిన జాతీయ టీబీ నియంత్రణ కార్యక్రమం 2006 నాటికి దేశమంతా విస్తరించింది. టీబీ తిరగబెట్టినవారికి రెండు నెలలు స్ట్రెప్టోమైసిన్ ఇచ్చేవారు. 2007 నుంచి, మందులకు లొంగని టీబీకి కనామైసిన్ వచ్చింది. జపాన్‌లో 1957లో హమావో ఉమెజావా కనుగొన్న ఆ మందును కనీసం ఆరు నెలలు సూదిగా వేసేవారు. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో అలాంటి చికిత్స పొందిన పిల్లలను పరీక్షిస్తే దాదాపు నాలుగో వంతు మందికి వినికిడి తగ్గినట్టు తేలింది.

సూదుల బదులు మాత్రలు ఇవ్వాలని పట్టుబట్టినవారిలో వినికిడి పోయినవాళ్లే ముందున్నారు. ముంబైకి చెందిన నందితా వెంకటేశన్, దక్షిణాఫ్రికాకు చెందిన ఫుమేజా టిసిలే ఇద్దరూ టీబీ చికిత్సలోనే వినికిడి కోల్పోయారు. నోటి మాత్ర బెడాక్విలిన్‌పై పేటెంటును 2027 దాకా పొడిగించాలన్న తయారీ కంపెనీ దరఖాస్తును వాళ్లు సవాలు చేశారు. 2023 మార్చిలో భారత పేటెంటు కార్యాలయం ఆ దరఖాస్తును తిరస్కరించింది. మాత్రలు అందరికీ చవకగా అందే దారి అలా తెరుచుకుంది. అంతకుముందే, 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కనామైసిన్ వాడవద్దంది. 2022లో అన్ని వయసుల పిల్లలకూ బెడాక్విలిన్ ఇవ్వవచ్చంది. అమికాసిన్ సూదిని 18 ఏళ్లు నిండినవారికే, అదీ దుష్ప్రభావాలను కనిపెట్టి చూసే ఏర్పాటున్నచోటే వాడాలంది.

పాత సూదులు పడిన పిల్లలు ఇప్పుడు బడుల్లో, కాలేజీల్లో ఉన్నారు. వాళ్లు ఎవరో, ఏ ఊళ్లో ఏ మందు తీసుకున్నారో టీబీ రిజిస్టర్లలో రాసే ఉంటుంది. ఆ పేర్లు పట్టుకుని ప్రతి జిల్లాలోనూ ఒక్కొక్కరినీ పిలిచి చెవులు పరీక్షించాలి, అవసరమైనవారికి వినికిడి యంత్రం ఉచితంగా ఇవ్వాలి.