కాన్‌స్టంటైన్ ఆదరణ – కార్తేజ్ సంఘ వివాదము

క్రీ.శ. 313లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి క్రైస్తవ్యమును రోమా సామ్రాజ్యమునకు రాజమతముగా చేశాడని మన ప్రసంగములలో తరచుగా వింటుంటాము. ఇది సరికాదు. ఆ సంవత్సరము ఫిబ్రవరిలో కాన్‌స్టంటైన్, అతని తోటి చక్రవర్తి లికినియస్ మిలాను నగరములో కలిసి చేసిన నిర్ణయము, క్రైస్తవులతోపాటు అందరికీ తమకిష్టమైన విధముగా ఆరాధించుకొనే స్వేచ్ఛనిచ్చింది. సంఘము పోగొట్టుకొన్న ఆస్తులను తిరిగి ఇప్పించింది. అంతకు రెండేండ్ల ముందే, 311 ఏప్రిల్‌లో, గలేరియస్ చక్రవర్తి ప్రాణాంతక వ్యాధితో బాధపడుతూ హింసను ఆపివేశాడు. 303లో ఆరంభమైన ఆ మహా హింసకు ప్రేరకుడని పేరుపడినవాడే, తన క్షేమము కొరకు మీ దేవునికి ప్రార్థన చేయండని క్రైస్తవులను కోరవలసి వచ్చింది! నికయ విశ్వాసమే ప్రజలందరి మతము కావాలని థియొడోసియస్ శాసించినది 380 ఫిబ్రవరి 27న, థెస్సలొనీకలో. 313కూ దానికీ మధ్య 67 సంవత్సరములున్నవి. ఆ కాలములో క్రైస్తవ్యము రాజమతము కాదు, రాజాదరణ పొందిన మతము. ఆ ఆదరణ మొదటి దినములలోనే సంఘము లోపల ఏమి చేసిందో చూడడమే ఈ వ్యాసము ఉద్దేశము.

312 అక్టోబరు 28న మిల్వియన్ వంతెన యుద్ధమునకు ముందు కాన్‌స్టంటైన్ చూచిన దానిని గూర్చి లక్టాంటియస్ ఒక విధముగా, యూసెబియస్ మరొక విధముగా వ్రాశారు. ఆ చర్చ మనకిక్కడ అవసరము లేదు. 315లో రోములో అతని పేర నిలిచిన విజయ తోరణము మీద క్రీస్తు నామము లేదు. నాణెములపై సూర్యదేవుని బొమ్మ ఇంకా చాలా కాలము కొనసాగింది. చక్రవర్తి హృదయములో ఏమున్నదో దేవునికే తెలుసు. అతని ఉత్తరములు చెప్పేది మాత్రము స్పష్టము.

ఈ ఉత్తరములలో కొన్నింటిని యూసెబియస్ తన సంఘ చరిత్ర 10వ గ్రంథములో భద్రపరచాడు. ఆఫ్రికా రాష్ట్రాధిపతి అనులినస్‌కు వ్రాసిన ఒకదానిలో సంఘపు స్థలములను వెంటనే తిరిగి అప్పగించమన్నాడు. మరొకదానిలో సంఘ పరిచారకులను పట్టణ విధుల నుండి తప్పించమన్నాడు. ఇది చిన్న ఉపకారమేమీ కాదు. రోమా పట్టణములలో కలిగిన కుటుంబములవారు పన్నులు వసూలు చేసిపెట్టాలి, లోటు వస్తే తమ సొంత ధనముతో పూడ్చాలి. ఆ భారము తప్పుతుందంటే ఎవరికి ఆశ పుట్టదు? ధనవంతులు ఆ భారము తప్పించుకొనుటకు సంఘ సేవకులు కాకూడదని కొద్ది సంవత్సరములకే అదే చక్రవర్తి చట్టము చేయవలసి వచ్చింది. మూడవ ఉత్తరము కార్తేజ్ బిషప్పు కేసిలియన్‌కు: ఆఫ్రికా సంఘ సేవకుల ఖర్చుల కొరకు 3,000 ఫోలిస్‌ల ధనము వస్తుంది, పంచిపెట్టమని.

చిక్కు ఇక్కడే మొదలైంది. కార్తేజ్‌లో అప్పటికే సంఘము రెండుగా చీలి ఉన్నది. డయొక్లెషియన్ హింసలో లేఖన ప్రతులను అధికారులకు అప్పగించమని ఆజ్ఞ కాగా, కొందరు బిషప్పులు అప్పగించారు, కొందరు ప్రాణము పెట్టారు. కేసిలియన్‌ను అభిషేకించిన అప్తుంగ బిషప్పు ఫెలిక్స్ లేఖనములను అప్పగించినవాడని, కనుక ఆ అభిషేకము చెల్లదని నుమిదియ బిషప్పుల వాదన. వారు మజోరినస్ అనే మరొకరిని బిషప్పుగా నిలిపారు. అతని తరువాత వచ్చిన డొనాటస్ పేరనే ఆ పక్షము డొనాటిస్టులుగా ప్రసిద్ధమైంది. వారిని కేవలము మొండివారని కొట్టివేయడము నాకు సమ్మతము కాదు. తమ ఇంటివారిని హతసాక్షులుగా పాతిపెట్టిన జనుల గాయము ఆ వాదనలో ఉన్నది.

చక్రవర్తి మినహాయింపు కేసిలియన్ అధ్యక్షతలోని సంఘమునకే అని ఉత్తరములో ఉన్నది. అంటే ధనము, గౌరవము ఒక పక్షమునకే. ఎవరు నిజమైన సంఘమనే ప్రశ్న అంతవరకు ప్రార్థనతో, సభలతో, లేఖన వివాదముతో తేలవలసినది. ఇప్పుడది ఖజానా ప్రశ్న కూడా అయింది. 313 ఏప్రిల్ 15న కేసిలియన్ వ్యతిరేకులు అనులినస్‌కు అర్జీ ఇచ్చారు. మాకు గౌలు దేశమునుండి న్యాయాధిపతులను ఇప్పించండని చక్రవర్తిని వేడుకొన్నారు. గౌలునే ఎందుకు కోరారంటే, కాన్‌స్టంటైన్ తండ్రి పాలనలో అక్కడ హింస తీవ్రముగా లేదు. లేఖనములను అప్పగించిన మచ్చ అక్కడి బిషప్పులకు లేదు. 1 కొరింథీ 6వ అధ్యాయము ఎరిగినవారే ఈ పని చేశారు. చక్రవర్తికి సంఘముతో ఏమి పని అని తరువాతి కాలములో అడిగినది కూడా ఈ పక్షమే. మొదట అతని తలుపు తట్టినది వారే.

అతడు వద్దనలేదు. అక్టోబరులో రోమా బిషప్పు మిల్తియాదెస్ ముందు విచారణ జరిగింది, తీర్పు కేసిలియన్‌కు అనుకూలము. ఓడినవారు ఒప్పుకోలేదు. 314లో ఆర్ల్ పట్టణములో పెద్ద సభ, తీర్పు అదే. ఫెలిక్స్ మీది నేరమును విచారించినప్పుడు సాక్ష్యముగా తెచ్చిన ఉత్తరములో కొంత భాగము కల్పితమని బయటపడింది. 316లో చక్రవర్తి స్వయముగా కేసిలియన్ పక్షమున తీర్పు చెప్పి, డొనాటిస్టుల ఆలయములను స్వాధీనము చేసుకొనమన్నాడు. హింస మానిన నాలుగైదేండ్లకే క్రైస్తవుల ఆలయములమీదికి సైనికులు మరల వచ్చారు, ఈసారి క్రైస్తవుల తగవు తీర్చుటకు. అది ఫలించలేదు. 321లో అతడు విసిగి వారిని దేవుని తీర్పుకు విడిచిపెట్టాడు.

విడిచిపెట్టినది వారిని మాత్రమే, ఆ పద్ధతిని కాదు. 325లో నికయ సభను పిలిపించినది అతడే; బిషప్పులు ప్రభుత్వ వాహనములలో వచ్చారు. తన హక్కులు సర్వసామాన్య సంఘమునకే గాని భిన్నబోధకులకు కావని 326లో చట్టము చేశాడు. అప్పటికి అతడు బాప్తిస్మమైనా పొందలేదు. అది 337లో, మరణమునకు కొద్ది దినముల ముందు.

కార్తేజ్ తగవు మాత్రము ఆ తరముతో పోలేదు. 411లో అదే నగరములో ఇరుపక్షముల బిషప్పులు ఐదువందలకు పైగా సమావేశమయ్యారు. అగస్టీను ఒక పక్షమున వాదించాడు. న్యాయాధిపతి పీఠముపై కూర్చున్నవాడు బిషప్పు కాదు, చక్రవర్తి హొనోరియస్ పంపిన మార్కెల్లినస్ అనే అధికారి. తీర్పు డొనాటిస్టులకు విరుద్ధముగా వచ్చింది. మరుసటి సంవత్సరము వారిపై జరిమానాల చట్టము వెలువడింది.