అత్యంతమా, నిండానా?

బెంగళూరు తూర్పున కుందలహళ్ళిలో ఇంగ్లీషు, కన్నడం, తెలుగు తరచు ఒకే వాక్యంలో సర్దుకుంటాయి. అక్కడి తెలుగు విద్యార్థి 'ఎక్స్‌ట్రీమ్లీ' అన్నా 'తుంబా' అన్నా ఎవరూ తప్పుపట్టరు. తెలుగులో 'శానా' అనో 'నిండా' అనో అంటే మాత్రం, అది మొరటు, 'అత్యంత' అనాలి అని దిద్దేవారున్నారు. ఈ దిద్దుబాటుకు మాటల చరిత్రలో ఆధారముందా అన్నది మా ప్రశ్న.

ఎక్స్‌ట్రీమ్లీకి మూలం లాటిన్ 'ఎక్స్‌ట్రీమస్'. బయటిది అనే అర్థానికి తరతమ భావంలో చివరి మెట్టు అది. అన్నిటికన్నా వెలుపలిదని అర్థం. సంస్కృతంలో 'పర'కు 'పరమ' ఇటువంటిదే. (మనవాళ్ళు దాన్ని పావనత్వానికీ బద్ధకానికీ సమానంగా పంచారు.) 'అత్యంతం' కూడా అంతాన్ని దాటినదే. అందుకే ఇంగ్లీషు నుంచి అనువదించేవారికి అది చేతికందింది. 'అన్నిటికన్నా పెద్ద చెరువు' అనవలసిన చోట 'అత్యంత పెద్ద చెరువు' అని పత్రికలు రాయడం మాకు రుచించదు.

తెలుగు సొంత మాటల దారి వేరు. 'చాలా' అన్నది 'చాలు' ధాతువు నుంచి వచ్చింది. సరిపోయేటంత అని దాని తొలి అర్థం. సరిపోవడం నుంచి అధికం కావడం దాకా అది నడిచిన దూరం తక్కువేమీ కాదు. 'శానా' దానికే రాయలసీమ ఉచ్చారణ. 'తెగ తిన్నాడు'లో ఉన్నది 'తెగు' ధాతువు. అది క్రియతోనే కుదురుతుంది. 'తెగ మంచివాడు' అని ఎవరూ అనరు.

ఇక 'నిండా'. చిత్తూరు వైపు, తమిళనాటి తెలుగువారిలో 'నిండా బాగుంది' అనడం మామూలు. కన్నడ 'తుంబా'కు మూలమైన 'తుంబు' అన్నా నిండటమే. తమిళ 'రొంబ' వెనుక 'నిరంబ' ఉంది. అదీ నిండటమే, పైగా మన 'నిండు'తో ఒకే కుదురుది. ఈ భాషలు ఒక కుటుంబమని ఎల్లిస్ 1816లోనే, క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి రాసిన పీఠికలో చూపాడు. 'నిండా' వాడుక బలపడటానికి తమిళ సాన్నిహిత్యం తోడ్పడి ఉండవచ్చు. అయినా ధాతువు మనది, అర్థం మారిన తీరు సోదర భాషలన్నిటిదీ. దాన్ని కొట్టివేసి పైన 'అత్యంత' అని రాసే ఎర్రసిరాకు భాషాశాస్త్రం సాక్ష్యం చెప్పదు.