అంగన్‌వాడీకి వాకిలి ఏది?

అంగన్‌వాడీ అన్న మాటని మనం ఎన్ని వేలసార్లు అనుంటామో లెక్కలేదు. గుడ్లు ఇచ్చే చోటు, పిల్లల్ని తూకం వేసే చోటు, ఊళ్లో ఒక చిన్న గది. మాట వినగానే మనకి తోచేది అంతే. కానీ మరాఠీలో అంగణ్ అంటే ఇంటి ముందరి వాకిలి. వాడీ అంటే తోట. కలిపి చదివితే వాకిట్లో తోట. ఈ పేరు పెట్టినవాళ్ల ఊహలో గది లేదు, గోడలూ లేవు.

ఈ మాట మీదికి నా ధ్యాస పోవడానికి కారణం ఒక బ్రోషర్. మూడేళ్ల మా పాప కోసం హైదరాబాద్‌లో ప్రీస్కూల్ వెతుకుతుంటే చేతికొచ్చింది. చెట్ల కింద కథలు, మట్టిలో ఆటలు, చెప్పుల్లేకుండా నడక, వానలో తడవడం. కింద ఫీజు. దేవరకొండలో ఉన్న మా నాయనమ్మకి అదంతా ఫోన్లో చదివి వినిపిస్తే చాలాసేపు నవ్వింది. "గివన్నీ మేం పైసల్లేకనే జేసినం గద బిడ్డా" అంది. కాసేపాగి ఇంకో మాటంది. "గని నాకు చెట్టు కింద సదువు దొర్కలే. మేకలే దొర్కినయ్."

మొదటి మాటకి నేనూ నవ్వాను. రెండో మాట మాత్రం వదల్లేదు. ఒకే చెట్టు నీడ ఒక పిల్లకి బడి ఎట్లా అవుతుంది, ఇంకో పిల్లకి పని ఎట్లా అవుతుంది? ఆరుబయట చదువుల చరిత్రని ఆ ప్రశ్నతోనే చదవాలనిపించింది.

ఆరుబయట చదువు అనగానే మనవాళ్లు వెంటనే వీధిబడిని తలుచుకుంటారు. అరుగు మీద పంతులు, ఎదురుగా ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దే పిల్లలు. 1822లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో తన ప్రెసిడెన్సీలోని బడుల లెక్క తీయించాడు. దానికి జవాబుగా బళ్లారి కలెక్టర్ కాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో ఆ బడి రోజంతా కళ్లకు కడుతుంది. ఇప్పటి అనంతపురం కూడా అప్పట్లో ఆ జిల్లాలోనిదే. చదువు సాధారణంగా అయిదో ఏట మొదలు. పొద్దున ఆరింటికల్లా బడిలో ఉండాలి. అందరికంటే ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు, రెండోవాడి చేతిలో సున్నా చుడతారు. మూడోవాడికి బెత్తంతో ఒక చిన్న దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకి ఒక్కొక్కటి చొప్పున పెరుగుతూ పోతాయి.

అక్కడ ఇసుక ఆట వస్తువు కాదు, పలక. అరుగు మీద కూర్చోబెట్టింది ప్రకృతి మీద ప్రేమతో కాదు, వేరే చోటు లేక. ఇంకో లెక్క కూడా ఆ నివేదికలోనే ఉంది. జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు. అందులో ఆడపిల్లలు 60 మంది. అరుగుకి గోడలు లేకపోవచ్చు గానీ, ఎవరు ఎక్కాలో ఎవరు ఎక్కకూడదో అందరికీ తెలుసు. కాబట్టి "మనకి ఇదంతా ఎప్పుడో ఉంది" అని తేలిగ్గా అనేయలేం.

ఆరుబయటని కావాలని ఎంచుకున్న బడి వేరే చోట పుట్టింది. జర్మనీలో ఫ్రోబెల్ 1837లో బాడ్ బ్లాంకెన్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో పసిపిల్లల కోసం ఒక సంస్థ పెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. పిల్లల తోట అని అర్థం. అది ఉత్త పోలిక కాదు. పిల్లలు నిజంగానే తలా ఒక మడి పెంచేవాళ్లు. పసిపిల్లలు ఆడుకునే ఈ తోటల్లో నాస్తికత్వం, సోషలిజం వాసన కొట్టి ప్రష్యా ప్రభుత్వం 1851లో వాటిని నిషేధించింది. 1860 దాకా ఆ నిషేధం తొలగలేదు. లండన్‌లోని డెట్‌ఫర్డ్‌లో 1914లో మెక్‌మిలన్ అక్కచెల్లెళ్లు పెట్టిన ఆరుబయలు నర్సరీ కథ ఇంకో రకం. ఇరుకు గదుల్లో మగ్గి జబ్బు పడుతున్న పేదవాడల పిల్లలకి గాలి, వెలుతురు, స్నానం, తిండి కావాలి. ముందు అవి, వాటితోపాటే చదువు. గాలీ వెలుతురూ అక్కడ బ్రోషర్‌లో చెప్పుకునే సదుపాయాలు కావు, మందులు.

ఈ ఆలోచనలు మన దేశానికి ఎక్కువగా మాంటిస్సోరి దారిలో వచ్చాయి. వకీలు పని వదిలేసిన గిజుభాయి బధేకా 1920లో గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో బాలమందిరం మొదలుపెట్టారు. మాంటిస్సోరి స్వయంగా 1939లో మద్రాసులోని అడయారుకి వచ్చారు. యుద్ధం మూలంగా 1946 దాకా ఇక్కడే ఉండిపోయి, మధ్యలో కొన్నేళ్లు కొడైకెనాల్ కొండల మీద చిన్న పిల్లల బడి నడిపారు. ఆకులు, పురుగులు, రాళ్లు అక్కడ పాఠాలయ్యాయి. అయితే ఇవన్నీ ఎక్కువగా చదువుకున్న ఇళ్ల పిల్లలకే అందాయి.

ఈ గీత దాటింది తారాబాయి మోడక్. భావ్‌నగర్‌లో గిజుభాయితో కలిసి పనిచేసిన ఆవిడ, 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీ అనే పల్లెలో పని మొదలుపెట్టారు. తోడు అనుతాయి వాఘ్. అక్కడ బాలవాడీ పెట్టారు. ఫ్రోబెల్ పెట్టిన పేరే మరాఠీలోకి వచ్చింది. తీరా చూస్తే దళితవాడల పిల్లలు రాలేదు. వీళ్లు చేసిందేమిటంటే, పిల్లలు ఎందుకు రావడం లేదని తిట్టుకోకుండా బడినే ఎత్తుకుని వాళ్ల వాకిళ్లలోకి పోయారు. అంగన్‌వాడీ అట్లా పుట్టింది. 1957లో వార్లీ ఆదివాసీలుండే కోస్‌బాడ్ కొండకి మకాం మార్చాక ఇంకో అడ్డంకి ఎదురైంది. అక్కడి పిల్లలు వాకిట్లో కూడా ఉండరు, పశువుల వెంట బీళ్లలో ఉంటారు. దానికి కురణ్‌శాల అని పెట్టారు. కురణ్ అంటే పచ్చిక బీడు. పశువులు మేస్తున్న చోటికే టీచర్ పోవాలి.

మా నాయనమ్మ అన్న రెండో మాట నాకు ఇక్కడ అర్థమైంది. చెట్టు ఇద్దరికీ ఉంది. కోస్‌బాడ్ పిల్లల దగ్గరికి ఒక టీచర్ వచ్చింది. ఈమె దగ్గరికి ఎవరూ రాలేదు.

ఎందుకు రాలేదో కొంత మా ఊరి చరిత్రలోనే ఉంది. దేవరకొండ నిజాం రాజ్యంలోది. పై చదువులు ఉర్దూలో. ప్రైవేటుగా ఒక బడి పెట్టుకోవాలంటే సర్కారు అనుమతి కావాలి. 1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ రెండో సమావేశం 1931లో జరిగింది మా దేవరకొండలోనే, బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన. తల్లిభాషలో చదువు, బడులు పెట్టుకునే స్వేచ్ఛ ఆ సభలు ఆ ఏళ్లలో మళ్లీ మళ్లీ అడిగినవాటిలో ఉన్నాయి. కానీ సభ జరిగిన ఊరు దాటి నాలుగడుగులు వేస్తే, తండ్రి చేసిన అప్పుకి కొడుకు పసులకాడ జీతమున్న పల్లెలు. ఆ పిల్లలకి ఏ భాషలో చెప్పాలన్నది తర్వాతి ప్రశ్న. పొద్దున పోయినవాళ్లు పొద్దుగూకితే గానీ ఇంటికి రారు.

ఆ పిల్లలకి తెలిసింది తక్కువేం కాదు. పరికి పండు ఎప్పుడు నల్లబడుతుందో, తునికి పండు ఎక్కడ దొరుకుతుందో, సీతాఫలం కన్ను విచ్చిందో లేదో, ఏ ఆకు తింటే మేక కడుపు ఉబ్బుతుందో మా నాయనమ్మ ఇప్పటికీ చెబుతుంది. మా పాప బ్రోషర్‌లో ఉన్నదంతా ఆమెకి వచ్చు. ఇది చదవగానే "చూశారా, అదే అసలైన చదువు" అనాలనిపిస్తుంది. నాకూ అనిపించింది. కానీ మేక తప్పిపోతే ఆ పూట దెబ్బలే తప్ప అన్నం లేని చోట, చెట్ల పేర్లు నేర్చుకోవడాన్ని చదువు అని మురిసిపోవడం మనలాంటి వాళ్లకి సులువు. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి పనిచేసిన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్, శాంతా సిన్హా ఈ మురిపాన్ని ఒప్పుకోలేదు. బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికురాలే అన్నది వాళ్ల సూత్రం. తెలంగాణ పల్లెల్ని చూసినవాళ్లకి ఆ కరుకుదనం ఎందుకో తెలుసు. "బయట" అన్న మాట ఇక్కడ అంత అమాయకమైనది కాదు.

అందుకే 1975 అక్టోబర్ 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం 33 బ్లాకుల్లో మొదలైనప్పుడు అది చిన్న సంగతి కాదు. పసిపిల్లల బాధ్యత మాది అని ప్రభుత్వం మొదటిసారి అంత విస్తారంగా ఒప్పుకుంది. అంగన్‌వాడీ అన్న పేరు దేశమంతటికీ పాకింది. కానీ పేరు ప్రయాణం చేసినంత తేలిగ్గా వాకిలి ప్రయాణం చేయలేదు. పథకంలో ఉన్న ఆరు సేవల్లో బడికి ముందరి చదువు ఒకటి. మిగతావి తిండి, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, ఆస్పత్రికి పంపడం, తల్లులకి సలహాలు. అన్నీ అవసరమైనవే. కొలవడానికి వీలైనవి రిజిస్టర్లోకి ఎక్కాయి, ఆట ఎక్కలేదు. బరువు రాయడానికి గడి ఉంది. పిల్ల ఎంతసేపు చీమల్ని చూసిందో రాయడానికి గడి లేదు.

చట్టం కూడా అదే దారిలో పోయింది. రాజ్యాంగంలోని 45వ అధికరణం మొదట్లో 14 ఏళ్లు నిండేదాకా పిల్లలందరికీ చదువు అంది, కింది వయసు చెప్పలేదు. 2002లో 86వ సవరణ వచ్చి చదువుని ప్రాథమిక హక్కు చేసింది, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకి. ఆరేళ్ల లోపు వాళ్ల కోసం రాజ్యం "ప్రయత్నిస్తుంది" అన్న వాక్యం మిగిలింది.

సరిగ్గా ఈ ఏళ్లలోనే యూరప్‌లో పిల్లలు మళ్లీ బయటికి వచ్చారు. డెన్మార్క్‌లో 1950లలో ఎల్లా ఫ్లాటావ్ పిల్లల్ని రోజూ అడవికి తీసుకుపోవడంతో మొదలైన పద్ధతికి, 1993లో జర్మనీలోని ఫ్లెన్స్‌బర్గ్‌లో అధికారిక గుర్తింపు వచ్చింది. అడవి కిండర్‌గార్టెన్ అన్నారు. గోడల్లేవు, కప్పు లేదు. కానీ పదిహేనూ ఇరవైమంది పిల్లలకి ఇద్దరు పెద్దవాళ్లు, చేతిలో వేరే పని లేకుండా, ఉంటారు. హైదరాబాద్ బ్రోషర్ ఈ కొమ్మకి కాసిన కాయే. అందులో నేను ఫీజు కట్టేది మట్టికి కాదు, ఆ ఖాళీగా ఉన్న పెద్దమనిషికి. మట్టి దేవరకొండలో ఊరికే దొరుకుతుంది. తారాబాయి బీడుకి పంపింది కూడా మట్టిని కాదు, మనిషినే.

మొన్న బోనాలకి ఊరికి పోయినప్పుడు పక్క ఊళ్లో అంగన్‌వాడీ చూశాను. కిరాయి గది. గోడల మీద మామిడిపండు, నెమలి బొమ్మలు. బయట పెద్ద వేపచెట్టు. టీచర్ ఫోన్లో ఎవరి బరువో ఎక్కిస్తోంది, ఆయమ్మ పొయ్యి దగ్గర ఉంది. నేనున్నప్పుడే కరెంటు పోయింది. ఉక్కకి తట్టుకోలేక టీచర్ పిల్లలందరినీ వేపచెట్టు కిందికి తెచ్చింది. ఫోన్ లోపలే వదిలేసింది. నాలుగేళ్ల పిల్ల ఒకతి రాలిన వేపపండ్లు ఏరి వరసగా పేర్చడం మొదలుపెట్టింది. టీచర్ పక్కన కూర్చుని ఎన్నయినయ్ అనడిగింది. ఆ పిల్ల ఏడు దాకా లెక్కపెట్టి, ఎనిమిదోది చీమలకి అని పక్కన పెట్టింది. చీమలు ఎన్ని అనడిగింది టీచర్. దానికి జవాబు కోసం అందరూ వంగి చూశారు.

ఓ పావుగంట గడిచి ఉంటుంది. కరెంటు వచ్చింది. పిల్లలందరినీ లోపలికి పిలిచారు.