ఎరువు తెచ్చిన శిల్పాలు: 1947–48 నాటి రెండు ప్రదర్శనలు

పలు సంస్థలు కలిసి ఒక కళాప్రదర్శనను ఏర్పాటు చేయబూనినపుడు, శిల్పసౌందర్యంకంటె ముందుగా తలెత్తే ప్రశ్నలు వేరు. వస్తువు ఎవరిది? ఎంపిక ఎవరిది? తిరిగి ఇచ్చేది ఎన్నడు? లండన్‌లోని రాయల్ అకాడమీ 1947–48 శీతకాలంలో బర్లింగ్టన్ హౌస్‌లో నిర్వహించిన భారతీయ కళాప్రదర్శన చరిత్ర ఈ మూడు ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

ఆ ప్రదర్శన సంకల్పం బ్రిటిష్ పాలనలోనిది. ద్వారాలు తెరిచేనాటికి దేశం రెండయింది. గాంధార క్షేత్రాలు, మొహెంజొదారో పాకిస్తాన్‌లో చేరాయి. సాంచి, మథుర, అమరావతి ఇటు మిగిలాయి. అందుచేత ప్రదర్శన పేరులోనే ఇరుదేశాల పేర్లూ చోటుచేసుకున్నాయి. పేరు మార్చడం సులువే. వస్తువుల పంపకం అంత సులువు కాలేదు. మొహెంజొదారో హారమొకటి పూసలు విడదీసి మరీ ఇరుపక్షాలకు పంచారు. లాహోరు మ్యూజియం సంపద 60:40 నిష్పత్తిలో చీలింది. ఇక ప్రదర్శనకు స్మారకంగా 1950లో వెలువడిన గ్రంథానికి సంపాదకుడు లీ ఆష్టన్; వ్యాసకర్తలు కాడ్రింగ్టన్, ఇర్విన్, గ్రే. శిల్పాలు ఇచ్చినది ఇటువారు, వాటికి అర్థం చెప్పినది అటువారు!

తిరిగివచ్చిన వస్తువులు నేరుగా తమ తమ మ్యూజియంలకు చేరలేదు. 1948 నవంబరులో ఢిల్లీ గవర్నమెంట్ హౌస్‌లో, అనగా నేటి రాష్ట్రపతి భవన్‌లో, వాటితో మరో ప్రదర్శన జరిగింది. దేశానికొక కేంద్ర మ్యూజియం కావాలని 1946లోనే గ్వయర్ సంఘం సూచించియుండెను. కళ్లముందే సిద్ధంగా ఉన్న ఈ సేకరణను విడిచిపెట్టడానికి ప్రభుత్వానికి మనసొప్పలేదు. 1949 ఆగస్టు 15న అదే భవనంలో రాజగోపాలాచారి జాతీయ మ్యూజియంను ప్రారంభించారు. జన్‌పథ్‌లోని సొంత భవనం 1960 డిసెంబరులో గాని సిద్ధం కాలేదు.

జాతీయ మ్యూజియం అవసరమైనదే, దానిని కాదనలేము. అయితే ఎరువిచ్చిన సంస్థ వైపునుంచి చూడవలసినది కూడా ఉంది. బిహారులోని రాంపూర్వాలో రెండు మౌర్య స్తంభాలు దొరికాయి. ఒకదాని శీర్షం సింహం, మరొకదానిది వృషభం. రెండూ కలకత్తా ఇండియన్ మ్యూజియంకు చేరాయి. నేడు సింహం అక్కడే ఉంది. వృషభం రాష్ట్రపతి భవన్ ముంగిట నిలిచియుంది. ఆ వృషభం అక్కడ రాజ్యగౌరవానికి చిహ్నం. దగ్గరదగ్గరగా నిలిచిన జంట స్తంభాల కథ మాత్రం దానిని చూసే అతిథికి తెలిసే అవకాశం తక్కువ. ఒక శిల్పాన్ని మేటి కళాఖండంగా నిలబెట్టే ప్రదర్శన, దానిని తన తోటి శిల్పాలనుంచి వేరుచేయడం తరచు జరిగేదే. బౌద్ధ స్తూపశిల్పం విషయంలో ఇది మరీ బాధాకరం. ప్రదక్షిణపథంలో వరుసగా చూడవలసిన ఫలకాన్ని ఒంటరిగా గోడకు నిలిపితే కథ తెగిపోతుంది.

అమరావతి సంగతే చూడండి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిలలు 1859లో లండన్ చేరి, 1880నుంచి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మరొక పెద్ద భాగం చెన్నైలో ఉంది. ఒకే మహాచైత్యపు ప్రాకారాన్ని ఏ ఒక్క సంస్థా పూర్తిగా చూపలేదు. కలిపి చూపాలంటే పరిచయ ఫలకం ఎవరు రాయాలో, ఏ శిల ఎవరి చెంతకు ప్రయాణం చేయాలో ముందు తేల్చుకోవాలి. చెన్నై ఫలకాలు పందొమ్మిదో శతాబ్దంలోనే గోడలకు అతికించబడినవి. వాటిని ఊడదీయడమే మొదటి చిక్కు.