సర్కారు తుమ్మ: పేరులో నిలిచిన వంటచెరకు చరిత్ర

వ్యాససంగ్రహం

నేడు కలుపుచెట్టుగా పరిగణింపబడుతున్న సర్కారు తుమ్మ 19వ శతాబ్ది ఉత్తరార్ధంలో ప్రభుత్వం తెలుగు నేలకు తెచ్చిన చెట్టు. కమలాపురంలో నాటిన నాటినుంచి లింగంపల్లి పరిసరాల్లో నేటి స్థితివరకు దాని చరిత్రను, కట్టెగా దాని గుణాలను, దానిపట్ల మారిన దృష్టిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సర్కారు తుమ్మ, వంటచెరకు, కమలాపురం, బొగ్గుబట్టీ, లింగంపల్లి.

1. ఉపోద్ఘాతం

సికింద్రాబాదు నుంచి వాడికి 1874లో వెలసిన రైలుమార్గం లింగంపల్లి మీదుగా సాగుతుంది. ఆ పట్టాల పక్కన, చెరువు శిఖాల్లో, ఐటీ భవనాల నడుమ ఖాళీగా మిగిలిన స్థలాల్లో ఒకే ముళ్లచెట్టు గుంపులుగా కనిపిస్తుంది. శాస్త్రజ్ఞులకు అది ప్రొసోపిస్ జులిఫ్లోరా. ప్రజలు దాన్ని సర్కారు తుమ్మ, సీమ తుమ్మ, ఇంగ్లీషు తుమ్మ, కంప తుమ్మ అంటారు. ఇక్కడివే అయిన నల్ల తుమ్మకు, తెల్ల తుమ్మకు పేర్లు బెరడు రంగునుబట్టి వచ్చాయి. ఈ చెట్టుకు మాత్రం తెచ్చినవారి పేరు, వచ్చిన దిక్కు అంటుకున్నాయి. ఏ దస్తావేజూ చూడకుండానే జనవ్యవహారం దాని చరిత్రను భద్రపరిచిందన్నమాట.

2. కట్టెల కొరత, కమలాపురం

మద్రాసు రైల్వే 1856లో నడక మొదలుపెట్టింది. దక్షిణాదిలో బొగ్గు దొరకని ఆ కాలంలో దాని ఇంజన్లకు కట్టెలే ప్రధాన ఇంధనం. కడప మీదుగా సాగిన వాయవ్యమార్గం 1871లో రాయచూరు చేరి బొంబాయి మార్గంతో కలిసింది. తీరంలోని ఇసుక నేలల్లో సరుగుడు తోటలు పెంచి కొంత కొరత తీర్చుకున్నారు గాని, వానలు తక్కువైన లోపలి జిల్లాల్లో ఆ ఉపాయం పారలేదు. మద్రాసు అటవీశాఖలో కన్సర్వేటరు, వృక్షశాస్త్రజ్ఞుడు అయిన బెడ్డోమ్ 1876లో రెవెన్యూశాఖకు లేఖ రాసి ప్రొసోపిస్ విత్తనాలు తెప్పించవలసిందిగా కోరాడు. 1878లో కడప జిల్లా కమలాపురంలో మొక్కలు నాటారు. ఆ రెండు తేదీల నడుమ వచ్చిందే ధాత కరవు. అంతమాత్రాన దీన్ని కరవు నివారణకే తెచ్చారనడం తొందరపాటు. కట్టెల కొరత అంతకుముందే అటవీశాఖను వేధిస్తూ ఉంది. 1882 నాటి మద్రాసు అటవీచట్టం అడవులను రిజర్వు చేసి పల్లెవాసుల కట్టెల సేకరణకు హద్దులు గీయడంతో, అడవి వెలుపల పెరిగే ఇలాంటి చెట్టు విలువ ఇంకా పెరిగింది.

నిజాం రాజ్యంలో పరిస్థితి వేరు. 1871లో విలియం కింగ్ ఇల్లందు ప్రాంతంలో బొగ్గును గుర్తించాడు. 1889 నాటికి తవ్వకం మొదలై రైలుకు సొంత బొగ్గు దొరికింది. వంటింటికి మాత్రం కట్టె తప్పలేదు.

3. గట్టికట్టె గుణం

పొడికట్టె ఏ చెట్టుదైనా కిలోకు ఇచ్చే వేడిలో పెద్ద తేడా ఉండదు. చాలా జాతులు 4,500 నుంచి 5,000 కిలోకేలరీల మధ్యనే ఉంటాయి. నల్ల తుమ్మ చేవకు 4,950గా లెక్క కట్టారు. తేడా అంతా సాంద్రతలో ఉంది. సర్కారు తుమ్మ సాపేక్ష సాంద్రత 0.70, అంతకు మించి కూడా ఉంటుంది. బూరుగు కట్టెది అందులో సగం. కాబట్టి బండిలెక్కన కొనేవారికి గట్టికట్టె బండి దాదాపు రెండు బండ్ల బూరుగుతో సమానం. తూకంలెక్కన కొంటే ఈ లాభం కనిపించదు. కట్టెల అడితిలో బేరం బండికా, తూకానికా అన్నది కొన్నవారి పొయ్యిలో ఎంత వేడి పుడుతుందో నిర్ణయించేది.

తూకంలోకి రాని గుణం మరొకటుంది. తేలిక కట్టె భగ్గున మండి బూడిదవుతుంది. గట్టికట్టె నింపాదిగా కాలి నిప్పు నిలుపుతుంది. అన్నం ఉడికాక అదే నిప్పుమీద పప్పు, ఆపైన పాలు కాచుకోవచ్చు. దట్టమైన కట్టెలో నీరు నిలవడానికి చోటు తక్కువ గనుక సగం ఎండినా మండుతుంది. వానాకాలంలో ఇది చిన్న సంగతి కాదు. ఆంగ్లంలో దీనికి కట్టెరూప ఆంథ్రసైటు అన్న పేరు రావడానికి కారణం ఇదే. దోషాలూ ఉన్నాయి: ముళ్లు, వంకర కొమ్మలు, నరికేవారి చేతులకు గాయాలు. నిట్టనిలువు దుంగలు అరుదు కావడంతో కలపగా పెద్దగా గిరాకీ లేక, ఇది పేదవారి పొయ్యికే మిగిలింది.

4. వ్యాప్తి, విముఖత

తియ్యని కాయలను పశువులు, మేకలు ఇష్టంగా తింటాయి. ఆకు జోలికి పోవు. గట్టి గింజలు పేడతోపాటు పడి మొలకెత్తుతాయి. 1940లో జోధ్‌పూర్ సంస్థానం దీన్ని రాజవృక్షంగా ప్రకటించి ప్రోత్సహించింది. 2017లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం తమిళనాట దీన్ని తొలగించమని ఆదేశించింది. ఈ రెండు ఆజ్ఞల మధ్య చెట్టు మారలేదు, పొయ్యి మారింది. ఆంధ్రప్రదేశ్‌లో 1999 నాటి దీపం పథకం, 2016 నాటి ఉజ్వల పథకం గ్యాసును పేద ఇళ్లకు చేర్చాయి. పొగ బాధ తగ్గడం నిస్సందేహంగా మేలే. అయితే కట్టెకోసం ఏటా కొట్టే చేతులు తగ్గడం ఈ చెట్టు దట్టంగా అల్లుకోవడానికి ఒక కారణమైంది. వ్యాప్తిని కేవలం చెట్టు స్వభావంగా చూసే వివరణలు ఈ మానవాంశాన్ని తేలికగా దాటవేస్తాయి.

కట్టె అవసరం పూర్తిగా పోలేదు. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీంకు భట్టీలో కట్టెల మంటపై గంటల తరబడి వండడం ఒక లక్షణం. పల్లెల్లో బొగ్గుబట్టీలు ఈ చెట్టుమీదే నడుస్తున్నాయి. లింగంపల్లి చుట్టుపక్కల అంతస్తులు లేపే వలస కూలీల గుడిసెల ముందు, మూడు రాళ్ల పొయ్యిలో కాలేదీ తరచు ఇదే కంప. స్థలం చదును చేసే యంత్రం వచ్చిన రోజున వారికి వారానికి సరిపడా వంటచెరకు దొరుకుతుంది. మొదలు నేలలోనే మిగిలితే, తొలి వానకు అది మళ్లీ చిగురిస్తుంది.