పాత గొలుసు రంపములు – వాని పునరుద్ధరణ

దుంగను ఎత్తైన దన్నులమీది కెక్కించి, ఒకడు పైన నిలిచి, మరియొకడు క్రింద నిలిచి, పొడవైన రంపమును పైకి క్రిందికి లాగుచు పలకలు కోయు దృశ్యము తెలుగునాట పెద్దలు పలువు రెరిగినదే. పైవాని కంటికి గీత, క్రిందివాని కంటిలో రంపపుపొట్టు అన్నట్లుండెడిది ఆ పని. ఇద్దరి ఊపిరియు ఒక్క లయలో నడువకున్న రంపము బిగిసిపోవును. భుజబలముతో ముడిపడిన ఈ పనిముట్టు పాశ్చాత్య దేశములలో ఇంజను తగిలించుకొని గొలుసు రంపమైనది. ఆ యంత్రము పాతబడి మూలపడిన పిమ్మట, దానిని వెదకి తెచ్చి, విప్పి, శుభ్రపరచి, మరల పలికించుట ఐరోపా, ఉత్తర అమెరికాలలో అనేకులకు ప్రీతికరమైన వ్యాసంగమైనది. పాత గడియారములను, పాత మోటారుకార్లను సేకరించువారిని చూచి లోకము ముచ్చటపడును. చెట్లు నరకు యంత్రమును బాగుచేయుటలో సొగసేమున్నదని మాత్రము ప్రశ్నించును. దాని చరిత్ర తెలిసినగాని ఈ ప్రశ్నకు సమాధానము దొరకదు.

గొలుసు రంపము పుట్టినది అడవిలో కాదు, శస్త్రవైద్యుని బల్లపైన. 18వ శతాబ్దము చివర స్కాట్లండు వైద్యులగు జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే అనువారు సన్నని గొలుసునకు పళ్ళు కూర్చి, రెండు కొసలను పిడులమర్చి, ప్రసవము కష్టమైనపుడు కటిసంధిని కోయుటకును, చెడిన ఎముకను తొలగించుటకును ఉద్దేశించిరి. 1830 ప్రాంతమున జర్మను వైద్యుడు బెర్నార్డు హైనే చేతితో త్రిప్పు ఎముకరంపమును నిర్మించెను. దానియందు పళ్ళగొలుసు ఒక పట్టీ అంచువెంబడి ఎడతెగక తిరుగును. నేటి గొలుసు రంపపు రూపురేఖ లన్నియు అందు కలవు. లేనిది ఇంజను ఒక్కటే. మత్తుమందు ఇంకను వాడుకలోనికి రాని ఆ రోజులలో, సుత్తి దెబ్బ లేకుండ ఎముక తెగుట రోగికి ఎంతటి ఉపకారమో ఊహింపవచ్చును. ప్రాణము నిలుపుటకై పుట్టిన పనిముట్టు చెట్టు ప్రాణము తీయుటకు పోవుట కొంత విచిత్రమే.

అడవిలో దానిని నిలబెట్టినవారు జర్మనులు. అంతకుముందే 1905లో సాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన శామ్యూల్ బెన్స్ కాలిఫోర్నియాలోని మహావృక్షములను కోయుటకు గొలుసు రంపమొకటి పేటెంటు చేసియుండెను గాని, చేతికి లొంగు యంత్రము రాలేదు. 1926లో ఆండ్రియాస్ ష్టీల్ అను ఇంజనీరు స్టట్‌గార్టు నగరమున విద్యుత్తుతో నడచు రంపమును చేసెను. అది పని చేసెను. కాని అడవిలో విద్యుత్తు ఏది? మరుసటి సంవత్సరమే ఎమిల్ లెర్ప్ పెట్రోలు ఇంజను తగిలించిన రంపమును థురింజియాలోని డోల్మార్ కొండపై నడిపి చూపి, ఆ కొండపేరే తన యంత్రములకు పెట్టుకొనెను. 1929లో ష్టీల్ సయితము పెట్రోలుతో నడచు ‘చెట్లు కూల్చు యంత్రము’ను బయటికి తెచ్చెను. డోల్మార్ యంత్రము సుమారు 58 కిలోలు, ష్టీల్ యంత్రము సుమారు 46 కిలోలు తూగెడివి. ఒకడు ఇంజను వైపున, మరియొకడు పట్టీ కొసనున్న పిడివద్ద నిలిచి మోయవలసినదే. రంపము మారినను మనుష్యులు ఇద్దరే మిగిలిరి.

రెండవ ప్రపంచయుద్ధము ఈ కథను అట్లాంటికు దాటించెను. పసిఫికు తీరమున కెనడా, అమెరికా అడవులలో డగ్లసు ఫర్ వృక్షములు విస్తారముగ కొట్టుచుండిరి. యుద్ధముతో జర్మను యంత్రముల రాక నిలిచిపోయెను. వాంకూవరు కర్మాగారములు జర్మను నమూనాల ననుసరించి తామే రంపములు పోతపోయ నారంభించినవి. యుద్ధానంతరము తేలికలోహముల పోత పని చౌకయై, ఇంజను బరువు తగ్గెను. అయినను గొలుసు మాత్రము పాతదే. చేతిరంపపు పళ్ళనే గొలుసుపై అతికించినట్లు, కొన్ని పళ్ళు గీయుటకు, కొన్ని తోడుటకు ఏర్పరచిరి. అవి త్వరగా మొద్దుబారును. అడవిమనిషి కోయుటకంటె ఆకురాయి పట్టుటకే అధిక కాలము వెచ్చించెడివాడు.

ఈ చిక్కును విప్పినది ఒక పురుగు. 1946లో ఆరెగాన్ రాష్ట్రమున కట్టెలు కొట్టుకొనుచున్న జోసఫ్ కాక్స్ అను అడవి పనివాడు ఒక మొద్దులో చూపుడువ్రేలంత కలపపురుగును చూచెను. అది నారవెంబడిని, నారకడ్డముగను సమానమైన సులువుతో కొయ్యను తొలుచుకొని పోవుచుండెను. కాక్స్ కన్ను దాని దవడలపై నిలిచెను. అర్ధచంద్రాకృతిగల ఆ దవడలు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి కదలుచు పేళ్ళు పేళ్ళుగ చెక్కుచున్నవి. ఆ దవడలనే ఉక్కులో దించి, గొలుసుపై ఎడమ కుడి వైపుల మార్చి మార్చి కూర్చెను. ప్రతి పంటికి ముందు అది ఎంతలోతు దిగవలెనో నిర్ణయించు చిన్న మెట్టొకటి నిలిపెను. 1947లో పోర్టులండు నగరమున తన ఇంటి నేలమాళిగలో వానిని తయారుచేసి అమ్మ మొదలిడెను. నేటికిని లోకమున తిరుగు గొలుసులలో అధికభాగము ఆ దవడల సంతానమే. గుండ్రని ఆకురాయి ఒక్కటి చేతనున్న ఎవ్వడైనను దానికి పదును పెట్టుకొనవచ్చును. పెద్ద పరిశోధనాలయములు చేయని పనిని కట్టెలమోపువద్ద కూర్చున్న మనిషి చేసెను.

1949లో రాబర్టు మెక్కల్లక్ లాస్ ఏంజెలిసులో 3-25 అను రంపమును విడుదల చేసెను. దాని బరువు సుమారు 25 పౌనులు. ఇక రెండవ మనిషితో పనిలేదు. మరుసటి ఏట ష్టీల్ కూడ 16 కిలోల ఒంటిమనిషి రంపమును తెచ్చెను. రంపముల వలన మెక్కల్లక్ గడించిన ధనమెంతటిదనగా, థేమ్సు నదిపై నున్న లండను వంతెన అమ్మకమునకు వచ్చినపుడు 1968లో దానిని 24,60,000 డాలర్లకు కొని, రాయి రాయి విడదీయించి, అరిజోనా ఎడారిలో తాను నెలకొల్పిన హవసూ సరస్సు పట్టణమునకు చేర్పించెను. అచ్చట 1971లో ఆ వంతెనకు ప్రారంభోత్సవము జరిగెను. రంపములమ్మి వంతెన కొన్నవాడు చరిత్రలో మరియొకడుండడు.

మరియొక మార్పు చిన్నదిగ కనిపించును గాని, దాని ఫలము పెద్దది. తొలి ఇంజనులయందు కార్బురేటరు నిటారుగ నున్నపుడే పెట్రోలు సరిగ అందెడిది. అందుచే చెట్టు కూల్చునపుడొక తీరున, దుంగ తెగగొట్టునపుడు మరియొక తీరున పట్టీని త్రిప్పి బిగించుకొనవలసి వచ్చెడిది. 1950ల దశకమున పలుచని పొర కదలికచే పెట్రోలు పీల్చుకొను డయాఫ్రం కార్బురేటరు వ్యాపించుటతో రంపమును ఏ వైపునకు వంచినను ఇంజను ఆగదు. పండ్లచక్రములు తొలగి, ఇంజను నేరుగ గొలుసును త్రిప్పుట మొదలయ్యెను. 1959లో వచ్చిన ష్టీల్ ‘కాంట్రా’ ఈ తరమునకు చెందిన మేటి యంత్రము. 1689 నుండి తుపాకులు చేసిన స్వీడను దేశపు హుస్క్వర్నా కర్మాగారము తొలి గొలుసు రంపమును తెచ్చినదియు ఆ సంవత్సరముననే. నేటి సేకరణకర్తలు ఎక్కువగ వెదకునది 1945కును 1980కిని నడుమ పుట్టిన ఈ యంత్రములనే.

తరువాత కాలము వానికి అనుకూలింపలేదు. తేలికైన కొత్త యంత్రములు వచ్చినవి. 1990ల దశకమున అమెరికాలో పొగను గూర్చిన నియమములు కఠినమైనవి. 1999లో మెక్కల్లక్ సంస్థ దివాలా తీసెను. పేరు మాత్రము ఇతరుల చేతికి పోయెను. విడిభాగములు నిలిచిపోయిన యంత్రము మోటుసరుకే. పశువులకొట్టములందు, కొట్టుగదుల మూలలందు, తండ్రులు వాడి వదలిన రంపములు మట్టిగొట్టుకొని పడియుండెను. పునరుద్ధరణ వ్యాసంగము మొదలగుచోటు ఇదియే.

పాత రంపము చేతికి వచ్చినంతనే అనుభవజ్ఞుడు త్రాడు లాగడు. మొదట స్పార్కు ప్లగ్గు విప్పి, సైలెన్సరు తొలగించి, ఆ రంధ్రమునుండి పిస్టను ప్రక్కలను చూచును. నిలువుగీతలున్నచో లోపల నూనె చాలక లోహము రాచుకొన్నదని అర్థము. పిస్టను కదలకున్న కొన్ని చుక్కల నూనెపోసి రోజుల తరబడి విడిచిపెట్టును. సుత్తి తీసినవాడు ఆ నాడే సిలిండరును పోగొట్టుకొనును. తరువాతి పరీక్ష నిప్పురవ్వది. మాగ్నెటోలోని పాయింట్లపై చిలుము పట్టియుండును. సన్నని ఆకురాయితో దానిని పోగొట్టి, పాయింట్ల నడుమ అంగుళములో వేయింట పదునైదు పాళ్ళ ఎడమును నిలిపినచో, ముప్పదియేండ్లు మూగయైన యంత్రము కూడ నీలిరవ్వ చూపవచ్చును. చూపనిచో కండెన్సరో, తీగచుట్టో చెడినది.

క్లచ్చును విప్పుట ఒక చిన్న విద్య. నట్టు బిగించినపుడు పిస్టను తిరిగిపోవును గనుక, ప్లగ్గు రంధ్రము ద్వారా మెత్తని త్రాటిని లోపలికి చొప్పించి పిస్టనును ఆపుదురు. పెక్కు రంపములందు ఆ మర ఎడమవైపు తిరుగునది. ఈ సంగతి ఎరుగక బలము చూపినవారు మరను తెంపుకొని పాఠము నేర్చిరి. రబ్బరు పని అన్నిటికంటె ఓపిక కోరునది. కార్బురేటరు పొరలు, నూనెగొట్టములు, ఇరుసుచుట్టునుండు బిగింపులు కాలముతో ఎండి పగులును. నేటి పెట్రోలులో కలియు ఇథనాలు ఈ పాత రబ్బరును మరింత త్వరగా చెరచును. బిగింపు పగిలి గాలి చొరబడినచో ఇంజనునకు నూనె కలసిన పెట్రోలు తగ్గి, వేడెక్కి, పిస్టను గీతలుపడును. అందుచే ఇంజను లోపలికి కొద్ది గాలిని పంపి, అది నిలుచునో లేదో చూచి గాని, తెలిసినవాడు నడుపడు. నూనె విషయమునను వివేకము కావలెను. పాత యంత్రముల పలకలపై 16 పాళ్ళ పెట్రోలునకు 1 పాలు నూనె అని చెక్కియుండును. అది ఆనాటి నూనెలకు చెప్పిన మాట. నేటి నూనెలతో అంత అక్కరలేదని కొందరు, పలకమాట జవదాటరాదని కొందరు వాదింతురు.

ఇంతకంటె పెద్ద వివాదము రంగును గూర్చినది. పోత లోహమును మెరయజేసి, కర్మాగారమునుండి ఆ ఉదయమే వచ్చినట్లు రంగు వేయువారొక పక్షము. పిడిపై అరిగిన చోటు, గొంతు మార్చి బిగించిన బోల్టు, యజమాని మేకుతో గీసిన పొడి అక్షరములు – ఇవన్నియు సాక్ష్యములని, వానిని చెరపరాదని రెండవ పక్షము. దస్తరములు భద్రపరచు ఉద్యోగులకు ఈ రెండవ వాదము తేలికగ అర్థమగును. చరిత్రదృష్ట్యా చూచిన బలము దీనికే ఉన్నది. అడవికూలీల పని దినములు గ్రంథములకెక్కినది తక్కువ. ఎడమచేయి ఎచ్చట పట్టెనో, బొటనవ్రేలు నూనెమీటను ఎన్నివేలమారులు నొక్కెనో ఆ అరుగుదల చెప్పును. రంగు పూసిన యంత్రము అందమైనదే; అది మాటలాడుట మానివేయును.

యంత్రము చెప్పు సంగతులలో బాధాకరమైనది కూడ ఒకటి కలదు. ఆనాటి రంపముల పిడులు ఇంజనునకు నేరుగ బిగించినవి. కంపనము యావత్తు చేతులలోనికే పోవును. 1960ల దశకమున జపాను, స్కాండినేవియా, ఆస్ట్రేలియా దేశముల వైద్యులు అడవిపనివారి వ్రేళ్ళు చలిలో తెల్లబారి తిమ్మిరెక్కుటను గుర్తించి వ్రాసిరి. జపాను ప్రభుత్వ అరణ్యములందు రంపము పట్టుట దినమునకు 2 గంటలకు పరిమితమయ్యెను. ఆ దశకమునందే పిడికిని ఇంజనునకును నడుమ రబ్బరు అమర్చిన రంపములు వెలువడినవి. పట్టీ కొస కొయ్యకు తగిలి రంపము మొగమువైపు ఎగసినపుడు గొలుసును ఆపు బ్రేకు 1970లలో గాని రాలేదు. అనగా సేకరణకర్తలు ముద్దుగ చూచుకొను యంత్రములలో అనేకము ఈ రెండు రక్షణలును లేనివే.

వీనికి కొత్తగ బ్రేకు తగిలింపవలెనా, ఉన్నది ఉన్నట్లే నిలుపవలెనా అను ప్రశ్నకు ఏకాభిప్రాయము లేదు. పోతలో చోటులేని యంత్రమునకు బ్రేకు అతికించుట ప్రమాదమును దాచుటయే గాని తొలగించుట కాదని నిపుణుల అనుమానము. అందుచే పెక్కుమంది మధ్యమార్గ మవలంబించిరి. పాత రంపముతో కట్టెలు కొట్టరు. దినపు పనికి కొత్తది వాడుదురు. పాతదానిని ఏటికి కొన్నిమారులు, అడవిపనుల ప్రదర్శనములలో, తోలుచేదొడుగులు తొడిగి, చెవులు మూసికొని నడుపుదురు. మూడవ లాగుకో, పదియవ లాగుకో నీలిపొగ కక్కుచు ఇంజను పలుకును. దుంగనుండి ఒక చక్రము కోసి, వెంటనే ఆపివేయుదురు. చుట్టునున్న బాలురు నేలరాలిన పేళ్ళను ఏరుకొందురు. ఆ యంత్రములతో బ్రదికిన వృద్ధులు మాత్రము రంపమును చూచుటకంటె దానిని పట్టిన చేతులనే ఎక్కువసేపు చూతురు.