పిల్లల్లో హెపటైటిస్ సి: పైకి ఏ లక్షణమూ కనిపించదు.. మరి గుర్తించేదెలా?

కళ్లు పచ్చబడితేనే లివర్ జబ్బు.. చాలా ఇళ్లలో ఇదే లెక్క. హెపటైటిస్ సి దగ్గర ఈ లెక్క తప్పుతుంది. వైరస్ సోకిన పిల్లల్లో ఎక్కువమంది మామూలుగానే తింటారు, ఆడుకుంటారు, వయసుకు తగ్గట్టే ఎదుగుతారు. కొందరిలో నీరసం, ఆకలి మందగించడం, కడుపులో కుడివైపు కాస్త నొప్పి ఉండొచ్చు. కానీ ఇవి ఏ పిల్లల్లో ఉండవు చెప్పండి? ఎస్‌జీపీటీ రిపోర్టు కూడా ఒకసారి ఎక్కువగా, ఇంకోసారి నార్మల్‌గా వస్తుంటుంది. అందుకే వేరే ఏదో జబ్బుకి రక్తపరీక్ష చేయిస్తే అనుకోకుండా బయటపడే కేసులే ఎక్కువ.

ఇక పిల్లలకు వచ్చే కామెర్లలో చాలావరకు కలుషిత నీరు, ఆహారం వల్ల సోకే హెపటైటిస్ ఎ వల్లే. పుట్టిన రెండు మూడు రోజులకు పసికందు పచ్చబడటానికి, దీనికి సాధారణంగా సంబంధం ఉండదు. అలాగని కామెర్లు కనిపిస్తే పసరు మందు పోయించి, చేతికి వాత పెట్టించి ఊరుకోవద్దు. అది ఏ వైరసో తేలేది రక్తపరీక్షతోనే.

మరి ఎవరికి టెస్టు చేయించాలి? మొదట చూడాల్సింది తల్లి రిపోర్టు. పిల్లలకు ఈ వైరస్ ఎక్కువగా తల్లి నుంచే వస్తుంది. తల్లి రక్తంలో వైరస్ ఉంటే పుట్టే ప్రతి 100 మంది పిల్లల్లో సుమారు ఆరుగురికి సోకుతుంది. ఆమెకు హెచ్ఐవీ కూడా ఉంటే ముప్పు ఇంకా పెరుగుతుంది. చిక్కేంటంటే, గర్భిణులకు హెచ్ఐవీ, హెపటైటిస్ బి పరీక్షలు అలవాటుగా చేస్తారు కానీ సి పరీక్ష అన్నిచోట్లా చేయరు. తల్లికే తెలియకపోతే బిడ్డ సంగతి ఇంకెవరికి తెలుస్తుంది?

ఇక్కడే చాలామంది తల్లిదండ్రులు కంగారుపడే విషయం ఒకటుంది. తల్లి శరీరంలోని యాంటీబాడీలు కడుపులో ఉండగానే బిడ్డకు చేరతాయి. అవి పూర్తిగా పోవడానికి 18 నెలల దాకా పట్టొచ్చు. అంటే తొమ్మిది నెలల పాపకు యాంటీబాడీ టెస్టు చేయించి 'పాజిటివ్' అని వస్తే, ఆ యాంటీబాడీలు పాపవి కాకపోవచ్చు, తల్లివే కావచ్చు. ఆ కాగితం చూసి ఏడవాల్సిన పనిలేదు. వైరస్ ఉందా లేదా నేరుగా చెప్పేది ఆర్ఎన్ఏ పీసీఆర్ టెస్టు. దీన్ని రెండు నెలల వయసు నుంచే చేయించొచ్చు. లేదంటే 18 నెలలు నిండాక యాంటీబాడీ టెస్టు చేసి, పాజిటివ్ వస్తే ఆర్ఎన్ఏతో నిర్ధారిస్తారు. అసలు సమస్య ఏంటంటే, ఏడాదిన్నర అయ్యేసరికి బిడ్డ హుషారుగా తిరుగుతుంటాడు, టెస్టు సంగతి ఇంట్లో అందరూ మర్చిపోతారు. టీకాల కార్డు మీదే ఆ తేదీ రాసిపెట్టుకోవడం మంచిది.

తలసేమియా పిల్లల పరిస్థితి వేరు. వాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాల్సిందే. దాతల రక్తానికి హెపటైటిస్ సి పరీక్షను మన దేశంలో 2001లో తప్పనిసరి చేశారు. అయినా వైరస్ సోకిన కొత్తలో యాంటీబాడీ టెస్టుకు దొరకదు. న్యాట్ టెస్టు ఈ గ్యాప్‌ను బాగా తగ్గిస్తుంది కానీ అన్ని బ్లడ్ బ్యాంకుల్లో అది లేదు. అసలే వీళ్ల లివర్‌లో ఐరన్ పేరుకుని ఉంటుంది, దానికి వైరస్ తోడైతే దెబ్బ త్వరగా తగులుతుంది. కాబట్టి లక్షణాలతో పనిలేకుండా ఏటా పరీక్ష చేయించాలి. హీమోఫీలియా, డయాలసిస్ పిల్లలకూ పరీక్షలు అవసరమే. వాడిన సూదులతోనూ ఇది వస్తుంది. చెవులు కుట్టించేటప్పుడు, పుట్టు వెంట్రుకలు తీయించేటప్పుడు కొత్త సూది, కొత్త బ్లేడు కావాలని గట్టిగా అడగండి.

పెంటావాలెంట్ టీకా వేయించాం కదా అంటారా? అందులో ఉన్నది హెపటైటిస్ బి టీకా. సి కి ఇప్పటికీ టీకా లేదు.

అయితే మందు ఉంది. తల్లి నుంచి సోకిన పిల్లల్లో దాదాపు నాలుగో వంతు మందికి చిన్నతనంలోనే వైరస్ దానంతటదే పోతుంది. పోనివాళ్లకు మూడేళ్లు నిండాక ట్యాబ్లెట్లు ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సిఫారసు చేసింది. కోర్సు సాధారణంగా 8 నుంచి 12 వారాలు, 100లో 95 మందికి పైగా పూర్తిగా నయమవుతుంది. డోసు బరువును బట్టి ఉంటుంది కాబట్టి పెద్దవాళ్ల మాత్ర విరిచి ఇవ్వకూడదు. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి టెస్టు కూడా తప్పనిసరి. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో పరీక్షలు, చికిత్స ఉచితం. తొందరేముంది అనుకోవద్దు. సిర్రోసిస్ చిన్నతనంలో అరుదే కానీ లివర్ లోపల్లోపల దశాబ్దాల పాటు దెబ్బతింటూనే ఉంటుంది.

తల్లిపాలు మానాల్సిన పనిలేదు, చనుమొనలు పగిలి రక్తం వస్తుంటే మాత్రం మానేంతవరకు ఆపాలి. కలిసి తినడం, ముద్దు చేయడం, బడిలో పక్కన కూర్చోవడం వల్ల ఇది అంటుకోదు. టూత్ బ్రష్, నెయిల్ కట్టర్ మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి.

బిడ్డకు పాజిటివ్ అని తేలితే తల్లికి, తోబుట్టువులకు కూడా టెస్టు చేయించాలి. ఇంకో మాట.. నయమైపోయాక కూడా యాంటీబాడీ టెస్టు ఏళ్ల తరబడి పాజిటివ్‌గానే వస్తుంది. రేపు ఏ ఆపరేషన్‌కో వెళ్లినప్పుడు మళ్లీ గాభరా పడకుండా, వైరస్ లేదని చెప్పే ఆర్ఎన్ఏ రిపోర్టును ఫైల్‌లో దాచి ఉంచండి.